కదిరమ్మ కంది చేను ఫోటోలు

నేను సరదాకు తీసిన ఫోటోల మూలంగా కదిరమ్మ తన మూడెకరాల చేను అమ్ముకోవడానికి సిద్ధపడింది. ఈ సంగతి మొదటే చెప్పేస్తున్నాను. చివరి దాకా దాచి ఊరించే ఓపిక నాకు లేదు. అదీ కాక, దాచడం వల్ల ఏం జరుగుతుందో ఒకసారి చూసినవాణ్ణి.

నా పేరు కేశవ. వయసు నలభై ఎనిమిది. పెనుకొండలో భూమి కాగితాలు చూసే ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. ఈ వయసులో జూనియర్ ఏమిటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, నేనూ చాలాకాలం నవ్వుకున్నాను. పుట్టింది ధర్మవరంలో, మగ్గాల ఇంట్లో. చేను అంటే నాకు తెలిసింది ఒక సర్వే నంబరు, దాని పక్కన విస్తీర్ణం, అంతే. రొద్దం రోడ్డులో పెనుకొండకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె ఉంది. నా భార్య హేమలత అక్కడ అంగన్‌వాడీ టీచరు కాబట్టి అదే మా ఊరైంది.

పోయిన ఏడాది నాకు షుగరు బయటపడింది. డాక్టరు రోజూ నడవమన్నాడు. నడవడం నా వల్ల కాదు. నడిచేవాణ్ణి ఎవరో ఒకరు ఆపుతారు, నా అర్జీ ఏమైంది సార్ అని అడుగుతారు, నాకు పొద్దున్నే కోపం వస్తుంది. అందుకని హిందూపురం పోయి గేర్లు లేని మామూలు సైకిల్ ఒకటి కొనుక్కున్నాను. సైకిల్ మీద పోయేవాణ్ణి జనం ఆపరు, చెయ్యెత్తి ఊరుకుంటారు. ఆఫీసుకు బస్సు మానేసి, ఎండెక్కక ముందే దాని మీదనే పోవడం మొదలుపెట్టాను.

మా ఊరు దాటిన మూడో కిలోమీటరు దగ్గర రోడ్డు కొద్దిగా ఎత్తెక్కుతుంది. బస్సులో పోయేవాళ్ళకు అక్కడ ఎత్తున్నట్టే తెలియదు. తొక్కేవాడి మోకాళ్ళకు తెలుస్తుంది. మొదటి రోజు నేను అక్కడ ఆయాసపడి దిగిపోయాను. టక్ చేసిన చొక్కా, మెడలో ఆఫీసు కార్డు, క్యారియర్ మీద ఫైళ్ళ సంచి. ఇట్లాంటి మనిషి రోడ్డు పక్కన రొప్పుతూ నిలబడితే చూసేవాళ్ళకు ఏం బాగుంటుంది. జేబులోంచి ఫోను తీసి, దేన్నో ఫోటో తీస్తున్నట్టు ఎదురుగా ఉన్న చేను మీదికి పెట్టాను. నా ఫోటోల పిచ్చి అట్లా, ఆయాసం కప్పిపుచ్చుకోవడానికి మొదలైంది.

ఆ చేను కదిరమ్మది. అప్పటికి నాకు ఆమె పేరు కూడా తెలియదు. వేరుశనగ పీకేశాక మధ్యలో వేసిన కంది సాళ్ళు మిగిలి, నడుము దాకా పెరిగి, అప్పుడప్పుడే పూతకు వచ్చాయి. పెనుకొండ వైపు పోతుంటే పొద్దు ఎదురుగా లేస్తుంది. ఆ వెలుగు పూల వెనక నుంచి పడి, పసుపుపచ్చ రేకుల మీది ఎర్ర గీతలు కూడా కనిపించాయి. గట్టు మీద తంగేడు, దాని వెనక ఎర్రమన్ను, ఆ వెనక బోదగడ్డి ఎండి బంగారు రంగుకు తిరిగిన గుట్ట, అన్నిటికంటే వెనక పొగమంచులో సగం మునిగిన పెనుకొండ కొండ. ఇదంతా నా ఫోనులో పడింది. ఇరవై ఏళ్ళు ఇదే రోడ్డులో బస్సు కిటికీ పక్కన కూర్చుని పోయాను, ఒక్కనాడూ తల తిప్పింది లేదు. ఆ పొద్దున నాకు నిజంగా సంతోషం వేసింది. అట్లాంటి సంతోషం ఎరిగి చాలా ఏళ్ళైంది.

ఋతువులు ఆరని బళ్ళో బట్టీ పట్టించారు. మా వైపు ఎవరినడిగినా ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని మూడే చెబుతారు. దసరా నుంచి కార్తీకం సగం దాకా, వానలు వెనుదిరిగి చలి ఇంకా రాని ఆ నెలన్నరను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పుస్తకంలో దాన్నే శరత్తు అన్నారని నాకు ఆ ఎత్తు మీద నిలబడినప్పుడు తెలిసింది. మరుసటి రోజు ఆయాసం రాకపోయినా దిగాను. ఆ మరుసటి రోజు పది నిమిషాలు ముందుగా బయలుదేరాను. కొర్ర కంకులు, చెరువు మీద ఆవిరి, గుట్ట కింద గొర్రెల మంద, సీతాఫలం పొదలు, రోడ్డు పొడుగునా ఏది బాగుంటే అది తీశాను. ఎన్ని తీసినా ఆ ఎత్తు దగ్గరికి వచ్చేసరికి కదిరమ్మ చేను దగ్గర ఆగాల్సిందే. ఒకే చేను, ప్రతి పొద్దునా వేరేగా ఉండేది.

తీసినవి రోజూ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేవాణ్ణి. ఎప్పుడూ పలకరించని బంధువులు కూడా బాగుందని రాశారు. బెంగళూరులో ఉన్న నా పాత స్నేహితుడు, ఇది మన పెనుకొండేనా అన్నాడు. ధర్మవరంలో మా చిన్నాన్న కూతురు ప్రమోద పట్టుచీరల రంగులు చూసుకుంటుంది. అది ఫోన్ చేసి, "అన్నా, ఆ కంది పువ్వు పసుపు ఒంటికేసి, నీ ఎర్రమన్ను రంగు అంచుకేసి ఒక చీర నేయించినా. మగ్గం దిగక ముందే అడిగినారు" అంది. ఆ మాట విని నేను మూడు రోజులు నేల మీద నడవలేదు. ఆఫీసులో పొరపాటున ఒకరిద్దరితో నవ్వుతూ కూడా మాట్లాడాను.

నా స్టేటస్ రోజూ అందరికంటే ముందు చూసేది హిందూపురం శంకరప్ప. భూముల బేరాలు చేసే మనిషి, ఆఫీసు చుట్టూ తిరుగుతుంటాడు కాబట్టి నా నంబరు అతని దగ్గర ఉంది. పొద్దున ఏడుంబావుకు పెడితే ఏడున్నరకల్లా ఒక దండం బొమ్మ పంపేవాడు. ఇంత మోటు మనిషికి కూడా అందం తెలుస్తోందే అని ముచ్చటపడ్డాను.

కదిరమ్మను చూసింది పదో రోజున. పొలం గట్టు మీద సాలీడు గూడు ఒకటి, దాని నిండా మంచు చుక్కలు. పొద్దు ఇంకొంచెం పైకి వస్తే ఆ చుక్కలు ఉండవు. నేను ఒక మోకాలు నేల మీద ఆనించి దాన్ని తీస్తున్నాను. వెనక నుంచి ఎవరో వచ్చి నిలబడ్డారు. అరవై ఏళ్ళ మనిషి, తల మీద గడ్డిమోపు, చేతిలో కొడవలి.

"ఏం సార్, దినామూ మా చేనే తీస్తాండావు. యాటికి సార్?" అంది.

"ఊరికే" అన్నాను, తల కూడా తిప్పకుండా.

"ఊరికేనా" అంది. తర్వాత గడ్డిమోపుతో మెల్లగా దిగి చేన్లోకి పోయింది.

ఆ వెలుగు ఉండేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో దేవుడు పలకరించినా నాకు చిరాకే. ఆమె అడిగిన దానికి తిన్నగా జవాబు చెప్పడానికి ఎంతసేపు పట్టేది, ఒక ముక్క చాలు. చేను బాగుంది, అందుకని తీస్తున్నాను అంటే సరిపోయేది. కానీ ఇంత వయసు వచ్చినవాణ్ణి, ఆఫీసు మనిషిని, పువ్వులు బాగున్నాయని తీస్తున్నానని ఒక రైతు మనిషి ముందర చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఊరికే అంటే గౌరవంగా ఉంటుందనుకున్నాను. మా ఆఫీసులో మనుషులు జనానికి చెప్పకూడని ప్రతి విషయానికీ ఊరికే అనే అంటారని నాకు అప్పుడు తట్టలేదు.

దాని తర్వాత రోడ్డు మీద నాకు మర్యాద పెరిగింది. బీడీ కాల్చుకుంటూ కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. ముత్యాలప్ప అనే రైతు ఒక రోజు సైకిల్ ఆపి, క్యారియర్ మీద బుట్టెడు సీతాఫలాలు పెట్టాడు. "మా చేనుకు కూడా ఒకసారి రాండి సార్, మామిడి మొక్కలు నాటినాను" అన్నాడు. పోయి చూస్తే నీళ్ళ ఆధారం లేని మెట్ట నేలలో, వానలు పోయిన తర్వాత, వరుసగా మామిడి మొక్కలు. నేను వాటినీ తీశాను. ఇంకొకాయన మాత్రం నేను ఫోను తీయగానే రెండు చేతులూ అడ్డం పెట్టి, "మా చేను వద్దు సార్, దండం పెడతా" అన్నాడు.

నాకు ఏమీ అర్థం కాలేదని చెబితే అది అబద్ధం. హైవే వైపు కొన్ని ఊళ్ళలో భూములు కంపెనీలకు పోయిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. చెట్లుంటే పరిహారం వేరుగా వస్తుందని నీళ్ళు లేని చోట కూడా మొక్కలు నాటేవాళ్ళ అర్జీలు నా టేబుల్ మీదికే వస్తాయి. సగం అర్థమైంది. మిగతా సగం అర్థం చేసుకుంటే ఫోటోలు మానాల్సి వస్తుందని దాని జోలికి పోలేదు. సీతాఫలాలు తియ్యగా ఉన్నాయి.

కార్తీకంలో ఒక ఆదివారం సాయంత్రం హేమలత నడవలో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. నేను ఆ వారం ఫోటోల్లో మంచివి ఏరుకుంటున్నాను.

"బడికొచ్చే పిల్లోళ్ళ అమ్మలు ఏమంటాండారో తెలుసా నీకు?" అంది.

"ఏమంటాండారు?"

"నువ్వు ఫోటో తీసిన చేన్లన్నీ గవర్నమెంటు తీసుకుంటాదంట. ఆ లిస్టు దినామూ నీ స్టేటస్సులో వస్తాండాదంట."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. కాయలు పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"ఎత్తు దగ్గర కదిరమ్మ చేను శంకరప్పకు అగ్గువకే బేరమైపోయింది. నలభై దినాల్లో సార్ మీ చేను ముప్పైసార్లు తీసినాడు, ఆ ఫోటోలు నా ఫోన్లో ఉండాయి, ఆఫీసు విషయం గాబట్టి నీకు సూపియ్యగూడదు అని చెప్పినాడంట వాడు. రాళ్ళు నాటినాక నీ చేను నీది గాదు, ఆ లోపల అమ్ముకుంటే చేతికి దుడ్లన్నా వస్తాయి అన్యాడంట. ఈ వారంలోనే రిజిస్ట్రేషనంట."

"ఆమెకు బుద్ధి లేదా?"

"వాళ్ళక్క నాగక్కను హైవే పక్క ఊరికి ఇచ్చింటే, ఆడ భూమి పోయింది. ఫస్టు ఫోటోలు, ఆ మీద రాళ్ళు, ఆ మీద నోటీసు. నాగక్క ఇప్పటికీ కాగితాలు పట్టుకుని తిరుగుతాండాది. కదిరమ్మ దాన్ని కండ్లారా చూసింది. మొగుడు పోయినాక ఒక్కతే సేద్యం చేసుకుంటాండే మనిషి. ముదిగుబ్బలో కూతురుంటే, అమ్మేయమ్మా, నువ్వు ఆఫీసుల చుట్టూ తిరగలేవు అనిందంట. ఇంగ ఏం చేస్తాది?"

ఇట్లాంటప్పుడు నాకు వచ్చేది భయం కాదు, కోపం. ముందు శంకరప్ప మీద వచ్చింది, తర్వాత ఊరి మీద, చివరికి హేమలత మీద.

"ఇప్పుడే పోయి చెప్పిరా" అంది ఆమె.

"ఏమని చెప్పాలి? నేను ఆ ఆఫీసులోనే పని చేస్తాను. మీ భూమి పోదు అని నా నోటి నుంచి వస్తే అది ఆఫీసు మాటవుతుంది. నీకు ఎవరు చెప్పమన్నారని మెమో ఇస్తారు. రేపు నిజంగానే ఏదైనా వస్తే నా ఉద్యోగం పోతుంది."

"భూమి సంగతి నువ్వేం చెప్పొద్దు. ఫోటో సంగతి చెప్పు."

జవాబు లేనప్పుడు మగవాళ్ళు చేసే పనే చేశాను. నీకు ఆఫీసు సంగతులేం తెలుసని లేచి బయటికొచ్చేశాను. వీధిలో నిలబడి స్టేటస్‌లో ఆ రోజు పెట్టిన ఫోటోలన్నీ తీసేశాను. అక్కడితో పుకారు ఆగుతుందనుకున్నాను. సోమవారం సైకిల్ ఇంట్లోనే పెట్టి బస్సులో పోయాను. ఎత్తు దగ్గరికి వచ్చేసరికి ఫోను చూసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

ఊళ్ళో వాళ్ళు దీన్ని ఎట్లా అర్థం చేసుకున్నారో నాకు తర్వాత తెలిసింది. ఫోటోలు తీసేశాడంటే పై నుంచి గట్టిగా చెప్పినారన్నమాట. సైకిల్ మానేశాడంటే తీయాల్సినవి అయిపోయినాయన్నమాట. ఇక రాళ్ళు నాటేదే మిగిలిందని నిర్ణయించుకున్నారు. నేను నోరు తెరవకపోగా, చేసిన ప్రతి పనీ శంకరప్పకే సాక్ష్యం చెప్పింది.

సోమవారం సాయంత్రం హేమలత మళ్ళీ అడిగింది. ఈసారి నేను కోపగించుకోలేదు, ముందు రాత్రి నాకూ నిద్ర లేదు. పోయి చెబుతానని ఒప్పుకున్నాను. కానీ ఆ పొద్దే లేచి పోవడానికి కాలు రాలేదు. గోడకున్న క్యాలెండరు చూశాను. మరునాడు మంగళవారం, పైగా అష్టమి. పెనుకొండలో గానీ ఇంకెక్కడ గానీ మంగళవారం అష్టమి నాడు భూమి రాయించుకునేవాడు ఉండడు. ఇరవై ఏళ్ళుగా ఆ రోజుల్లో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర ఈగలు తోలుకునే దస్తావేజు రాతగాళ్ళను చూస్తున్నాను. "రేపు ఏమీ జరగదు. బుధవారం పొద్దున్నే సైకిల్ మీద పోయి, చేన్లోనే నిలబడి చెబుతా" అన్నాను. హేమలత క్యాలెండరు వైపు చూసి తలూపింది. ఆమెకూ అది సరైన మాటే అనిపించింది.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండు దాటాక ఒక కాగితం జిరాక్సు తీయించడానికి రోడ్డు మీదికి వచ్చాను. రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కనే జిరాక్సు అంగడి. అంగడి ముందర బల్ల మీద కదిరమ్మ కూర్చుని ఉంది. ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, ఒళ్ళో ఒక ప్లాస్టిక్ కవరు పెట్టుకుంది. ఎడమచేతి బొటనవేలికి నల్లటి సిరా. దాన్ని చీరకు అంటకుండా పక్కకు పట్టుకుంది.

నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను. జరిగి నాకు చోటిచ్చింది.

"రెండు దినాలుగా సైకిల్లో కనపడలేదే సార్" అంది.

"అయిపోయిందా అమ్మా?" అన్నాను.

"అయిపాయ సార్. ఈ పొద్దు ఒక్కరూ లేరు, గంటలో అయిపాయ. శంకరప్ప లోపల కాగితాలు తీసుకుంటాండాడు."

"ఈ పొద్దు మంగళవారం. అష్టమి."

"నేనూ అదే అంటి సార్. కొనేటోడు చూసుకోవాల గానీ, పోయేదానికి ఏ దినమైతే ఏముందవ్వా అన్యాడు. అదీ నిజమే కదా."

ఆమె గొంతులో ఏడుపు లేదు. బస్సుకు ఇంకా టైముంది అన్నంత మామూలుగా చెప్పింది. అక్కడే, ఆ బల్ల మీదే, ఉన్నదంతా చెప్పాను. భూములు తీసుకునే మాట నేనెప్పుడూ ఎక్కడా వినలేదని చెప్పాను. మెమో సంగతి అప్పుడు గుర్తుకు కూడా రాలేదు. ఎత్తు దగ్గర ఆయాసం వచ్చి దిగానని, చేను కంటికి బాగుందని తీశానని, అంతకు మించి ఏమీ లేదని చెప్పాను. తల వంచుకునే చెప్పాను.

ఆమె అంతా విని నెమ్మదిగా తలాడించింది. నమ్మలేదు.

"ఇంగ దాసిపెట్టాల్సిన పని లేదులే సార్. సంతకాలు అయిపోయినాయి. నీ ఉద్యోగం నీది, నిన్ను అనేదేముంది" అంది.

అప్పుడు ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాను. స్టేటస్‌లో తీసేశాను గానీ ఫోనులో అన్నీ ఉన్నాయి. ఎట్లా జరపాలో చూపించాను. సిరా లేని చేత్తో ఒక్కొక్కటే జరుపుతూ పోయింది.

మెల్లగా మాటలు వచ్చాయి. "ఇది పడమటి సాలు." ఇంకొకటి జరిపింది. "ఈ కొమ్మ గొర్రెలు కొరికినాయి, అందుకే పక్కకు పిలకేసింది." ఇంకొకటి. "ఇది వాన పడిన మరుసటి దినం. మన్ను నల్లగుండాది సూడు." ఒక ఫోటోలో దూరంగా సాళ్ళ మధ్య వంగిన ఒక మనిషి వీపు కనిపించింది. అది తానేనని ఆమెకు తెలియడానికి కొంచెంసేపు పట్టింది. వేలితో తాకబోయి, ఫోటో జరిగిపోతే, నన్ను వెనక్కి తెమ్మంది. తెచ్చి ఇచ్చాను. చాలాసేపు చూసింది.

పువ్వు, ఆకు, సాలీడు గూడు, పొద్దు, మళ్ళీ పువ్వు. మొత్తం ఎన్నో ఉన్నాయి, ఆమె ఒక్కటి కూడా వదలలేదు. చివరికి వచ్చాక మళ్ళీ మొదటికి పోయి ఇంకోసారి చూసుకుంటూ వచ్చింది. ఈసారి చూపు వేరేగా ఉంది. ఏదో వెతుకుతోంది.

"గెట్టు రాయి యాడుండాది సార్ దీంట్లో?" అంది.

నాకు అర్థం కాలేదు.

"మా చేనుకు ఈశాన్యం మూల సర్వే రాయి ఉండాది. తెల్ల సున్నం కూడా పూసుండాది, రోడ్డుకే కనపడతాది. మా అక్క చేన్లో వచ్చినోళ్ళు ఫస్టు దాన్ని తీసినారు. ఆ మీద నాలుగు గెట్లూ తీసినారు. బాయి తీసినారు, కరెంటు స్తంభం తీసినారు. ఒక్క పువ్వు కూడా తీయలేదు." ఫోను నా వైపు తిప్పింది. "నువ్వు ఇన్ని దినాలు తీసి, రాయి ఒక్కటీ తీయలేదే."

"నేను చూడలేదమ్మా" అన్నాను. అది నిజం. ఇరవై ఏళ్ళు ఆ రాళ్ళ నంబర్లు రాసినవాణ్ణి, ఆ రాయి అక్కడ ఉందని కూడా నాకు తెలియదు.

ఆమె అప్పుడు నమ్మింది. ఇంతసేపూ పక్కకు పట్టుకున్న బొటనవేలు తెలియకుండానే ఒళ్ళోకి వాలి, ఉతికిన చీర మీద నల్లటి మరక పడింది. ఆమె దాన్ని చూసుకోలేదు.

"ఇవి నాకు సూపించింటే సరిపోతాండె కదా సార్. నువ్వు నోరు తెరిచి ఏమీ చెప్పాల్సిన పనే లేదు. సూస్తానే తెలుస్తాండె నాకు, ఇవి ఆఫీసు ఫోటోలు గాదని" అంది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు గుమ్మంలోంచి శంకరప్ప కాగితాలు పట్టుకుని బయటికి వస్తున్నాడు. నన్ను ఆమె పక్కన చూసి అక్కడే ఆగిపోయాడు. కదిరమ్మ అతని వైపు ఒకసారి చూసి మళ్ళీ నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"వాడు సూపియ్యలేదంటే వానికి పనుండాది. నీకేమొచ్చింది సార్?"

బెంగళూరులో చూశారు. ధర్మవరంలో చూసి చీర నేశారు. నా ఫోనులో నంబరున్న ప్రతి మనిషీ ఆమె చేను చూశాడు. ఆమె నా వెనకే నిలబడి అడిగిన పొద్దున, నేను చేయాల్సిందల్లా ఫోను కొంచెం అటు తిప్పడమే. ఇదంతా నా నోట్లోకి వచ్చింది గానీ బయటికి రాలేదు. వచ్చినా దాంతో ఆమెకు ఒరిగేదేమీ లేదు.

కదిరమ్మ ఫోనును నా ఒళ్ళో పెట్టి, కవరు తీసుకుని లేచింది. శంకరప్ప ఏదో అనబోతే ఆగకుండా బస్టాండు వైపు నడిచింది. నేను కూర్చున్న చోటనే ఉండిపోయాను. జిరాక్సు అంగడి అతను, ఎన్ని కాపీలు కావాలి సార్ అని రెండుసార్లు అడిగాడు.